చిన్నపిల్లల నిద్ర: పడుకోబెట్టే పని పొద్దున్నే మొదలవుతుంది

తొమ్మిదింటికి పక్క ఎక్కిస్తే పదిన్నర దాకా దొర్లుతూనే ఉంటారు. మంచినీళ్లు కావాలంటారు, ఒకటికి వస్తోందంటారు, తాతయ్యకి ఏదో చెప్పాలని హాల్లోకి పరుగెడతారు. మూడు నాలుగేళ్ల పిల్లలున్న ఇళ్లలో ఇది రోజూ జరిగే భాగోతమే. దీన్ని మొండితనం కింద జమకట్టి కోప్పడేవాళ్లే ఎక్కువ. చాలా ఇళ్లలో అసలు సంగతి వేరు. ఆ వేళకి ఆ పిల్లకి నిద్ర రావడం లేదు, అంతే. రాని నిద్రని రప్పించుకోవడం పెద్దవాళ్లకే చేతకాదు. ఎందుకు రాలేదో తెలియాలంటే పొద్దున ఎన్నింటికి లేచింది, మధ్యాహ్నం ఎప్పటిదాకా పడుకుంది అన్న దగ్గర్నుంచి చూసుకుంటూ రావాలి.

నిద్రని నడిపేవి రెండు. మొదటిది, మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో పెరిగే నిద్ర ఒత్తిడి. అడినోసిన్ అనే పదార్థం పోగుపడటం ఇందుకు ఒక కారణం. చిన్నపిల్లల్లో ఈ ఒత్తిడి పెద్దవాళ్లలో కన్నా తొందరగా పెరుగుతుంది, అందుకే వాళ్లకి పగటి నిద్ర కావాలి. కాస్త కునుకు తీసినా అది దిగిపోతుంది. రెండోది, వెలుతురుని బట్టి నడిచే ఒంటి గడియారం. చీకటి పడ్డాక మెలటోనిన్ హార్మోను పెరిగి ఒంటిని నిద్రకి సిద్ధం చేస్తుంది, పొద్దున కంట్లో వెలుగు పడగానే ఆ గడియారం మళ్లీ సరిపడుతుంది. ఈ రెండూ ఒకే వేళకి కలిసొస్తే పిల్లలు పావుగంట, ఇరవై నిమిషాల్లో నిద్రపోతారు. ఒకటి ముందూ ఒకటి వెనకా అయ్యాయంటే పైన చెప్పిన భాగోతమే.

ఎంత నిద్ర కావాలన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లల కోసం ఇచ్చిన లెక్క ఉంది. 4 నుంచి 11 నెలల వాళ్లకి 12 నుంచి 16 గంటలు, ఏడాది, రెండేళ్ల వాళ్లకి 11 నుంచి 14, మూడు నాలుగేళ్ల వాళ్లకి 10 నుంచి 13. ఇందులో పగటి నిద్ర కూడా కలిసే ఉంది. ఆ సంగతి మరిచిపోయి, రాత్రి పది గంటలే పడుకుంటున్నాడని కంగారుపడేవాళ్లూ ఉన్నారు. పదికీ పదమూడుకీ మధ్య ఏ అంకె మీ పిల్లదో పిల్లే చెబుతుంది. లేపకుండా లేస్తే, స్కూలు వ్యాన్ ఎక్కిన పది నిమిషాల్లో తూగిపోకుండా ఉంటే, సాయంత్రం ఆరు దాటాక ప్రతి చిన్నదానికీ ఏడుపు అందుకోకుండా ఉంటే నిద్ర సరిపోతున్నట్టే.

లెక్క వెనక నుంచి వేయాలి

ఎల్‌కేజీ చదివే నాలుగేళ్ల పాప. వ్యాన్ 7:50కి వస్తుంది. పళ్లు తోమి, టిఫిను తిని, బట్టలు వేసుకోవడానికి గంట కావాలి. అంటే 6:45కి లేవాలి. రోజుకి 11 గంటల నిద్ర ఆమెకి సరిపోతుందనుకుందాం. స్కూలు నుంచి వచ్చి మధ్యాహ్నం ఒక గంట పడుకుంటే రాత్రికి మిగిలింది పది. అంటే 8:45కల్లా నిద్రలో ఉండాలి. దీపం 8:30కి ఆరాలి. స్నానం, పళ్లు తోమడం, కథ అన్నీ కలిపి నలభై నిమిషాలు, కాబట్టి 7:50కి ఆట ఆపాలి. దానికి ముందే, ఏడుంబావుకి అన్నం పెట్టాలి. మధ్యాహ్నం పడుకోని పిల్లయితే మొత్తం ఇంకో గంట ముందుకి జరుగుతుంది.

చిక్కంతా ఇక్కడే. చాలా ఇళ్లలో రాత్రి వంట ఎనిమిదింటికి మొదలవుతుంది. హైదరాబాద్ ట్రాఫిక్ దాటుకుని నాన్న ఇల్లు చేరేసరికి తొమ్మిదవుతుంది. నాన్న వచ్చాకే అందరూ కూర్చుని తినడం, తిన్నాక పిల్లతో అరగంట ఆట. 2010లో అచ్చయిన ఒక సర్వేలో 17 దేశాల్లో మూడేళ్లలోపు పిల్లలు 29,287 మంది నిద్ర వివరాలు సేకరించారు. సగటున న్యూజిలాండ్ పిల్లలు రాత్రి 7:27కి పడుకుంటుంటే హాంకాంగ్ పిల్లలు 10:17కి పడుకుంటున్నారు. మన దేశంతో సహా ఆసియా దేశాల పిల్లలు మొత్తంమీద ఆలస్యంగా పడుకుంటున్నారు, మొత్తం నిద్రా తక్కువే. ఆ ఆలస్యాన్ని తెచ్చిపెట్టేది పిల్లలు కాదు, ఇంటి వేళలు. పిల్లలకి మాత్రం ముందు పప్పన్నమో పెరుగన్నమో పెట్టేసి, పెద్దవాళ్లు తర్వాత తినడం ఒక్కటే ఇందులో పనికొచ్చే దారి. నాన్న ఆటని పొద్దున అరగంటకి మార్చుకోవచ్చు. అది కష్టమే, కానీ రాత్రి తొమ్మిదిన్నరకి ఎగరేసి పట్టుకుని నవ్వించిన పిల్లని పదింటికి పడుకోమనడం అంతకన్నా కష్టం.

ఇప్పుడు పదిన్నరకి పడుకుంటున్న పిల్లని రేపటి నుంచి 8:45కి పడుకోబెడతామంటే కుదరదు. ముందు పొద్దున లేచే వేళని కట్టుదిట్టం చేయాలి. రాత్రి ఎప్పుడు పడుకున్నా 6:45కే లేపాలి, ఆదివారమైనా అరగంటకి మించి వదలకూడదు. లేచిన వెంటనే కిటికీ తెరలు తీసి, వీలైతే బాల్కనీలోనో వాకిట్లోనో పదిహేను నిమిషాలు ఉంచాలి. రాత్రి మాత్రం నిజంగా నిద్ర పట్టే వేళ దగ్గరే మొదలుపెట్టాలి. పదిన్నరకి పడుతుంటే మొదటి మూడు రోజులు 10:15కి. ఆ తర్వాత మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకి. 8:45 చేరడానికి మొత్తం ఏడు మెట్లు, సుమారు మూడు వారాలు. మొదటి వారం పిల్ల పగలు చిరాగ్గా ఉంటుంది. ఆ జాలితో పగటి నిద్ర పొడిగించారంటే రాత్రికి మళ్లీ మొదటికే.

పగటి నిద్రని పాడుచేసేది వ్యాన్

ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య రెండు పగటి కునుకులు ఒకటవుతాయి. ఆ ఒక్కటి మూడు నుంచి ఐదేళ్ల మధ్య మానేస్తారు. మానేసే రోజులే చికాకు: పడుకోకపోతే సాయంత్రం తట్టుకోలేరు, పడుకుంటే రాత్రి పదింటి దాకా నిద్రపోరు. ఆ దశలో కునుకుని గంటకి, ఇంకొన్నాళ్లకి ముప్పావుగంటకి కుదించి లేపేయడం మేలు. మధ్యాహ్నం మూడు దాటాక నిద్ర ఉండకూడదు.

రాత్రి నిద్రని దెబ్బతీసేది ఎక్కువగా ఇంట్లో తీసే కునుకు కాదు. నాలుగింటికి స్కూలు వదిలితే వ్యాన్‌లోనో ఆటోలోనో తీసే ఇరవై నిమిషాల కునుకు. ఇరవై నిమిషాలే కదా అనిపిస్తుంది, కానీ మధ్యాహ్నం నుంచి పేరుకున్న నిద్ర ఒత్తిడిలో చాలా భాగం దానితో దిగిపోతుంది. రాత్రి నిద్ర గంట వెనక్కి పోతుంది. నిద్రపోకుండా ఉంటుందని ముందుసీట్లో కూర్చోబెట్టడం ప్రమాదం, ఆ పని చేయొద్దు. వెనకసీటులోనే ఒక అరటిపండో, నాలుగు ద్రాక్షపళ్లు నిలువునా కోసి డబ్బాలో పెట్టో ఇచ్చి, పక్కన ఉన్నవాళ్లు మాట్లాడిస్తూ ఉంటే చాలావరకు ఆగుతుంది. ఆగకపోతే ఆ రోజు రాత్రి అరగంట ఆలస్యమవుతుందని ముందే ఒప్పుకోవడం మంచిది. నిద్రరాని పిల్లతో 8:30 నుంచి కుస్తీ పట్టి లాభం లేదు.

దీనికి పూర్తిగా తిరగబడినదీ ఒకటుంది, అలిసిపోయి పేట్రేగిన పిల్ల. కళ్లు నులుముకునే దశ దాటిపోయి, తొమ్మిదింటికి సోఫాల మీద గెంతుతూ కనిపిస్తుంది. నిద్ర రావట్లేదేమో, ఇంకాసేపు ఆడనిద్దాం అనుకుంటారు. నిద్రవేళ దాటినా ఒంటిని మెలకువగా నిలబెట్టడానికి హార్మోన్లు పనిచేయడం వల్ల వచ్చిన హుషారు అది. ఏది ఏదో పొద్దున చూస్తే తెలిసిపోతుంది. రోజూ లేపితే తప్ప లేవని పిల్ల అయితే అలసట, తనంత తనే లేచి హుషారుగా ఉండే పిల్ల అయితే నిజంగానే నిద్ర రాలేదు. మొదటి దానికి మందు ముందుగా పడుకోబెట్టడం, రెండోదానికి కాస్త ఆలస్యంగా పడుకోబెట్టడం. ఈ తేడా తెలియక ఒకదానికి చేయాల్సింది ఇంకొకదానికి చేసేవాళ్లే ఎక్కువ.

టీవీ సంగతి

సీరియళ్ల వేళా, ఐపీఎల్ మ్యాచ్ మొదలయ్యే 7:30 కూడా సరిగ్గా పిల్లలు చల్లబడాల్సిన వేళలోనే పడతాయి. తెర సంగతి అందరూ చెబుతారు, వెలుతురు సంగతి అంతగా చెప్పరు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు పది మందిని పడుకునే ముందు గంటసేపు ప్రకాశవంతమైన వెలుగు వచ్చే బల్ల మీద ఆడుకోనిచ్చారు. వాళ్ల మెలటోనిన్ సగటున 88 శాతం పడిపోయింది. దీపం ఆర్పిన 50 నిమిషాలకి కూడా చాలామందిలో కోలుకోలేదు. ఆ బల్ల వెలుగు మన హాల్లో ట్యూబ్‌లైటు కన్నా బాగా ఎక్కువ, కాబట్టి ఆ అంకెని ఇంటికి యథాతథంగా అన్వయించకూడదు. చిన్నపిల్లల కళ్లు రాత్రి వెలుతురుకి ఎంత తొందరగా లోబడతాయో మాత్రం తెలుస్తుంది. ఏడున్నర తర్వాత తెల్లటి ట్యూబ్‌లైట్లు ఆర్పి, గదిలో ఒక పసుపు రంగు చిన్న బల్బు వేస్తే చాలు. ఖర్చు లేని ఉపాయమిది. ఫోను పడుకునే గంట ముందే పక్కన పెట్టేయాలి. రెండేళ్లలోపు వాళ్లకి తెర అసలే వద్దనీ, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకి రోజుకి గంట మించొద్దనీ భారత పిల్లల వైద్యుల సంఘం సలహా.

రోజూ ఒకే వరస

పడుకునే ముందు చేసే పనులు ఏవన్నదాని కన్నా అవి రోజూ ఒకే వరసలో జరగడం ముఖ్యం. 2009లో అచ్చయిన ఒక అధ్యయనంలో 405 మంది తల్లులు పాల్గొన్నారు. కొందరికి స్నానం, ఒంటికి నూనె లేదా లోషను రాయడం, తర్వాత జోలపాట లాంటి నెమ్మదైన పని, స్నానమైన అరగంటలో దీపం ఆర్పడం, ఇలా ఒక వరస అప్పగించారు. రెండు వారాల్లోనే పిల్లలు తొందరగా నిద్రపోవడం, రాత్రి మెలకువలు తగ్గడం కనిపించింది. తల్లుల మనసు కూడా కుదుటపడింది. మన ఇళ్లలో పసిపిల్లలకి నూనె రాసి, నలుగు పెట్టి, వేడినీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి పడుకోబెట్టడం ఉన్నదే. సాంబ్రాణి పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు, అది మానేసి మిగతాది పగటి నుంచి సాయంత్రానికి మార్చుకుంటే ఈ వరస సిద్ధమైనట్టే.

మూడేళ్ల పిల్లకి ఒక నమూనా: 7:50కి బొమ్మలు సర్దడం, గోరువెచ్చని నీళ్ల స్నానం ఎనిమిది నిమిషాలు, పలుచని నూలు బట్టలు, అరగ్లాసు పాలు, ఆ తర్వాత పళ్లు తోమడం, ఒకటికి వెళ్లడం, పక్క మీద రెండు కథలు, దీపం ఆర్పి ఒక జోలపాట. పాల తర్వాతే పళ్లు తోమాలి. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకి ముందు పళ్లు పుచ్చిపోతాయి. ఈ వరస ఎక్కడ చెడుతుందంటే కథల దగ్గర. రెండు అన్నారు, మూడోది అడిగింది, ఒప్పుకున్నారు. మర్నాడు నాలుగు. వారానికి నలభై నిమిషాలు గంటంబావు అవుతుంది. కథలు ఏవో పిల్లనే ఎంచుకోనివ్వండి, ఎన్నో మాత్రం పెద్దవాళ్లే తేల్చాలి. పడుకోకపోతే బూచాడొస్తాడని బెదిరించడం ఈ వరసలో ఉండకూడదు. రెండు మూడేళ్లకి చీకటి భయం దానంతటదే మొదలవుతుంది, దానికి మనం పేరు పెట్టి ఇవ్వనక్కర్లేదు.

మూడేళ్లు దాటి, పక్క మీద నుంచి పదేపదే లేచొచ్చే వాళ్లకి 1999లో అమెరికా మనస్తత్వ నిపుణులు పరీక్షించిన చిన్న కిటుకు బాగా పనిచేస్తుంది. ఒక అట్టముక్క మీద పిల్ల చేతే బొమ్మ గీయించి ఇవ్వాలి. రాత్రికి ఒక్కసారి దాన్ని ఇచ్చి మంచినీళ్లకో ముద్దుకో బయటికి రావచ్చు. ఇచ్చేశాక మళ్లీ పొద్దుట దాకా లేదు. చాలామంది పిల్లలు దాన్ని దాచుకునే నిద్రపోతారు.

భుజం మీద నిద్రపోయిన పిల్ల అర్ధరాత్రి ఎందుకు లేస్తుంది

నిద్ర ఒకే తీరుగా సాగదు. పసిపిల్లల్లో 50, 60 నిమిషాలకి, పెద్దయ్యాక 90 నిమిషాలకి ఒక చుట్టు పూర్తయి, కాస్త మెలకువ వస్తుంది. పెద్దవాళ్లు దిండు సర్దుకుని మళ్లీ పడుకుంటారు, పొద్దున గుర్తు కూడా ఉండదు. నానమ్మ భుజం మీద ఊగుతూ నిద్రపోయిన పిల్ల ఆ మెలకువలో చూసేసరికి భుజమూ లేదు, ఊపూ లేదు. ఏడుస్తుంది. ఆకలేమోనని పాలు పడతారు. తాగుతూ నిద్రపోతుంది. పది రోజులు తిరిగేసరికి ఆ గంటకి కడుపు కూడా పాలకి అలవాటుపడుతుంది. ఆరు నెలల లోపు రాత్రి పాలు తాగడం అవసరమే, దాని జోలికి పోకూడదు. ఏడాది దాటి, పగలు సరిగ్గా తింటున్న పిల్లయితే ఈ ముడి విప్పొచ్చు.

దానికి వేరే గది అక్కర్లేదు. ఒకే పక్క మీద తల్లి పక్కనే పడుకున్నా పిల్ల తనంత తను నిద్రలోకి జారడం నేర్చుకోగలదు. మొదటి మూడు రాత్రులు భుజం మీద ఊపండి, కళ్లు బరువెక్కాక, పూర్తిగా మూతపడకముందే పక్క మీద దించండి. తర్వాతి మూడు రాత్రులు ఎత్తుకోకుండా పక్క మీదే జోకొట్టండి. ఆ తర్వాత జోకొట్టకుండా వీపు మీద చెయ్యి ఉంచండి, ఆపైన చెయ్యి తీసి పక్కన ఉండండి. రాత్రి మధ్యలో లేస్తే ఆ రోజు ఏ మెట్టు మీద ఉన్నారో అదే చేయాలి. ముక్కీ మూలగంగానే ఎత్తుకోవద్దు, ఒక నిమిషం ఆగి చూడండి. సగం సార్లు అది నిద్రలో మూలుగే.

రెండో రాత్రో మూడో రాత్రో ఏడుపు ముందుకన్నా పెరుగుతుంది. పాత ఉపాయం పనిచేయట్లేదని పిల్ల గట్టిగా ప్రయత్నించడమే అది. సరిగ్గా అప్పుడే పక్కగదిలోంచి నానమ్మ వచ్చి “పసిదాన్ని ఏడిపిస్తారేమిటర్రా” అని ఎత్తుకుంటుంది. ఆమె మనసు మంచిదే, కానీ నలభై నిమిషాలు ఏడిస్తే భుజం దొరుకుతుందన్న పాఠం ఆ రాత్రి పిల్లకి బాగా ఒంటబడుతుంది. తర్వాతసారి నలభై నిమిషాలు ఖాయం. కాబట్టి మొదలుపెట్టేముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. జ్వరం, పళ్లు రావడం, కొత్త స్కూలు, తమ్ముడో చెల్లో పుట్టిన వారాల్లో దీని జోలికి పోవద్దు.

ఏడాదిలోపు పిల్లల విషయంలో అలవాటు కన్నా ముందు భద్రత. వెల్లకిలా పడుకోబెట్టాలి, పక్క గట్టిగా ఉండాలి, దిండ్లూ దుప్పట్లూ మొహం దగ్గర ఉండకూడదు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా దిండే. చీర ఉయ్యాలలో గడ్డం ఛాతీకి ఆనుకుపోయి ఊపిరి ఇబ్బందయ్యే ప్రమాదం ఉంది, రాత్రంతా అందులో ఉంచకూడదు. కాస్త పెద్ద పిల్లలు వేలాడే చీరతో ఆడుకుంటే మెడకి చుట్టుకోవచ్చు.

మందులు, టీ, మరికొన్ని

నిద్రపట్టడానికి జాజికాయ అరగదీసి పాలలో ఇవ్వడం మన దగ్గర పాత అలవాటు. మోతాదు మించితే జాజికాయ విషమే, పసిపిల్లల్లో ఆ మోతాదు చాలా చిన్నది. జలుబు సిరప్ ఇస్తే బాగా పడుకుంటున్నాడని కొనసాగించేవాళ్లూ ఉన్నారు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన సిరప్‌లని నాలుగేళ్లలోపు పిల్లలకి వాడొద్దని మన ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో చెప్పింది. ఆన్‌లైన్‌లో దొరికే మెలటోనిన్ చప్పరింపు బిళ్లలూ డాక్టరు రాయకుండా వద్దు. సాయంత్రం బిస్కెట్టు ముంచుకునే అరకప్పు టీ రెండు రకాలుగా చెడ్డది. అందులోని కెఫీన్ గంటల తరబడి ఒంట్లో ఉంటుంది, పైగా తిండిలోని ఇనుముని ఒంటబట్టనివ్వదు.

ఇనుము మాట వచ్చింది కాబట్టి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము తక్కువైన పిల్లల్లో కొందరు రాత్రంతా కాళ్లు ఆడిస్తూ, పక్క అంతా తిరుగుతూ పడుకుంటారు. దానికి ఏ వరసా పనిచేయదు, రక్తపరీక్ష చేయించి డాక్టరు చెప్పిన మందు వాడాలి. రోజుకి అరలీటరు మించి పాలు తాగి అన్నం తినని పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. పడుకున్నాక ఆసనం దగ్గర దురదతో లేచి ఏడుస్తుంటే నులిపురుగులు అయ్యుండొచ్చు. వారంలో మూడు రాత్రులకి మించి గురకపెడుతూ, నోరు తెరిచి పడుకుంటుంటే ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్, గొంతులోని టాన్సిల్స్ వాచాయేమో డాక్టరుకి చూపించాలి.

పడుకున్న రెండు మూడు గంటల లోపు హఠాత్తుగా లేచి కేకలు పెడుతూ, కళ్లు తెరిచే ఉన్నా అమ్మని గుర్తుపట్టకపోతే అది పీడకల కాదు, గాఢనిద్రలోంచి సగం మెలకువ. దిష్టి తీసినా తీయకపోయినా పది నిమిషాల్లో తగ్గుతుంది. లేపొద్దు, దెబ్బ తగలకుండా చూడండి చాలు. పొద్దున అడగొద్దు, వాళ్లకి గుర్తుండదు. నిద్ర తక్కువైన రోజుల్లోనే ఇవి ఎక్కువ వస్తాయి. పీడకల తెల్లవారుజామున వస్తుంది, పిల్ల పూర్తిగా లేచి భయపడిందని చెబుతుంది, దానికి ఓదార్పు కావాలి.

సంక్రాంతికి అమ్మమ్మగారింట్లో వారం ఉండొచ్చినా, పెళ్లికి రెండు రాత్రులు మేలుకున్నా వరస చెదురుతుంది. తిరిగొచ్చిన మర్నాడు పాత వేళకి లేపడమే మొదటి పని, రాత్రి వేళ మూడు నాలుగు రోజుల్లో దారికొస్తుంది. డల్లాస్ నుంచి హైదరాబాద్ వచ్చిన మనవళ్లకి మాత్రం ఇది చాలదు. తేడా పదిన్నర, పదకొండున్నర గంటలు. ఒంటి గడియారం రోజుకి సుమారు గంట చొప్పునే జరుగుతుంది కాబట్టి వారం, పది రోజులు పడుతుంది. రాత్రి రెండింటికి లేచి కూర్చుంటే ట్యూబ్‌లైటు, టీవీ వేయకుండా చిన్న బల్బు వెలుగులోనే ఉంచి, ఆకలంటే కాస్త పెరుగన్నం పెట్టి మళ్లీ పక్క ఎక్కించండి. పగటి నిద్రని గంటన్నర దాటనివ్వకుండా లేపి, మొహం కడిగి ఎండలోకి తీసుకెళ్లండి. బంధువులని పిలిచి భోజనాలు పెట్టడం మొదటి ఐదు రోజులూ మధ్యాహ్నాలకే ఉంచండి.